గొడగూచి మాట – గణాచార ధర్మము

శ్రీ గురుబసవలింగాయ నమః



ఈ పర్యాయము నేను ముచ్చటింపదలచిన విషయము పెద్దల యెదుట చెప్పుటకు నోరు రానిది. అందువలననే చెప్పవలసినది. బిడ్డలపై ఇంటిలోను, బడిలోను, వసతిగృహములోను జరుగు దౌర్జన్యమును గుర్తించుట, గుర్తించినపిదప తెలుపవలసిన చోట తెలుపుట – ఇదియే నేటి ప్రసంగము. ధర్మపత్రికలో ఇట్టి మాటలు తగునా యని కొందరకు శంక కలుగవచ్చును. ఆ శంకకు మన పురాణమే సమాధానము చెప్పుచున్నది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ముగ్ధభక్తుల కథలలో గొడగూచి కథ కలదు. మన యిండ్లలో అవ్వలు చెప్పగా మనమందరము విన్నదే. తండ్రి ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు పెట్టు నియమము గలవాడు. ఊరికి పోవలసి వచ్చి ఆ నియమమును చిన్నబిడ్డకు అప్పగించెను. శివుడు నిజముగనే పాలు త్రాగునని నమ్మిన ఆ పసిపిల్ల గిన్నెను లింగము ముందుంచినది. పాలు తరుగలేదు. తనవలన ఏమి తప్పు జరిగినదో యని కుమిలిపోయి ప్రాణము విడుచుటకు సిద్ధపడగా, శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. తండ్రి తిరిగి వచ్చి అడిగెను. బిడ్డ జరిగినది జరిగినట్లు చెప్పినది. తండ్రి నమ్మలేదు. నీవు త్రాగి శివునిపై పెట్టుచున్నావని కోపించి దండింపబోయెను. శరణు శరణని మొరపెట్టిన బిడ్డను శివుడు తనలో చేర్చుకొనెను. తండ్రికి బిడ్డ దక్కలేదు.

ఈ కథ చెప్పునపుడు మనము బిడ్డయొక్క ముగ్ధభక్తిని కొనియాడి కన్నులు తుడుచుకొందుము. నేను మాత్రము చాల ఏండ్లుగా ఆ తండ్రిని గూర్చియే ఆలోచించుచున్నాను. అతడు దుర్మార్గుడు కాడు, నిత్యనియమము తప్పని భక్తుడు, బిడ్డను ప్రేమించినవాడే. ఐనను ఏది జరుగగలదో, ఏది జరుగజాలదో తనకు ముందే తెలుసునని అతడు తలచెను. తనకు తెలిసిన దానికి బిడ్డ చెప్పిన మాట సరిపడలేదు గనుక బిడ్డదే అబద్ధమని నిశ్చయించెను. గొడగూచి చెప్పినది దేవుని కరుణ. నేడు మన బిడ్డలు చెప్పునది మనుష్యుని క్రౌర్యము. చెప్పిన విషయములు వేరు, నమ్మని పెద్దలు ఒక్కటే. “అటువంటి పని ఆయన చేయడు” అని మనము కూడ ముందే నిశ్చయించుకొని యుందుము.

పరుల తప్పు చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. ఇరువదియైదేండ్ల పైమాట. నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో ఉద్దానమునందలి ఒక పల్లెబడిలో పనిచేసితిని. ఐదవ తరగతిలో ఒక బాలిక ఉండెడిది. తల్లిదండ్రులు పనులకై దూరదేశము పోగా బంధువుల యింట పెరుగుచుండెను. సాయంకాలము గంట కొట్టినపిదప పిల్లలందరు పరుగెత్తిపోయినను ఆమె పోదు. ఊడ్చిన గదినే మరల ఊడ్చును. తుడిచిన నల్లబల్లనే మరల తుడుచును. పనిమంతురాలని మెచ్చుకొంటిని. ఒకనాడు తలుపు తాళము వేయుచుండగా వచ్చి, “మాస్టారూ, ఈ రాత్రికి బడిలోనే తొంగుంటానండి” అన్నది. నేను నవ్వి, “బడిలో దెయ్యాలుంటాయమ్మా, ఇంటికి పో” అంటిని. ఆ మాట అన్నపుడు ఆమె ముఖము నేటికిని నాకు కనబడుచున్నది. ఆమె దెయ్యములకు భయపడలేదు.

కొన్ని దినముల పిదప మరల అడుగగా, ఆ యింటి మగవానిని గూర్చి రెండు ముక్కలు చెప్పినది. అంత చిన్నబిడ్డకు తెలియరాని సంగతి అది. నాకు చెమటలు పట్టినవి. అప్పుడు నేనేమి చేసితిని? పెద్దమనిషి తరహాలో ఆ మనుష్యుని బడికి పిలిపించి, మెల్లగా మందలించితిని. విషయము నలుగురిలో పడకుండ పరిష్కరించితినని తృప్తిపడితిని. ఆ వారము దాటక ముందే బిడ్డ బడికి వచ్చుట మానినది. వేరే ఊరికి పంపితిమనిరి. ఏ ఊరో చెప్పలేదు. తరువాత ఆమె ఏమైనదో నాకు తెలియదు. గొడగూచి తండ్రి నమ్మక బిడ్డను పోగొట్టుకొనెను. నేను నమ్మియు, చెప్పకూడని వానికి ముందుగా చెప్పి పోగొట్టుకొంటిని. నేటి చట్టము ఆనాడు లేదు, నిజమే. కాని బిడ్డను కాపాడు బుద్ధికి చట్టము రావలసిన పనిలేదు.

ఇక ధర్మవిచారము. మన పంచాచారములలో లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారములను గూర్చి తరచు వినుచుందుము. గణాచారమును మాత్రము శివనిందను, భక్తనిందను సహింపకుండుటయని ఒక వాక్యములో చెప్పి ముగింతుము. ఆ అర్థము సరియైనదే. కాని నింద యనునది నోటితో చేయునది మాత్రమేనా? మన సంప్రదాయమున పుట్టిన బిడ్డకే లింగధారణ చేయుదుము. ఆనాటినుండి ఆ చిన్నదేహము లింగమునకు నెలవు, నడచునట్టి గుడి. గుడి తలుపు విరిచినవానిని చూచి ఊరకుందుమా? మరి బిడ్డ దేహమును చెరచినవానిని చూచి “మనకెందుకు” అని తప్పుకొనుట ఏ ఆచారము? మెడలో లింగము లేని బిడ్డ విషయమునను ధర్మమిదియే. కూడలసంగమదేవుని బిడ్డలలో మనవారు, పెరవారు అను భేదమును బసవేశ్వరుడు అంగీకరింపలేదు.

మరియొక మాట. మాదిరాజు కుమారుడైన బసవన్న బాల్యముననే ఉపనయనమును నిరాకరించి తండ్రి యెదుట నిలిచి మాటాడెనని పురాణము చెప్పుచున్నది. పిల్లవాడు పెద్దలకు నచ్చని సత్యము చెప్పినపుడే మన ధర్మమునకు అంకురార్పణ జరిగినది. అట్టి ధర్మమున పుట్టిన మనము “పెద్దల మాటకు ఎదురు చెప్పకు” అని మాత్రమే బిడ్డలకు నేర్పి, “నిన్ను బాధించువాడు ఎంతటివాడైనను మాకు చెప్పు” అని నేర్పకపోవుట తగదు.

ఇవి ఎక్కడనో పట్టణములలో జరుగునవి, మన పల్లెలలో లేవనుకొనువారు కలరు. కేంద్రప్రభుత్వపు స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ఒక అధ్యయనమును ప్రకటించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించిరి. అందు నూటికి 53 మందికి పైగా ఏదో యొక రూపమున లైంగిక దౌర్జన్యమునకు గురైతిమని చెప్పిరి. అట్లు చెప్పినవారిలో సగమునకు మించి బాలురే. కనుక ఇది ఆడుబిడ్డల కష్టము మాత్రమే యనుకొనరాదు. ఆ దౌర్జన్యములు ఎక్కువగా జరిగినట్లు కనబడిన నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధించినవారిలో దాదాపు సగముమంది బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మినవారు. చీకటిలో వచ్చు అపరిచితుని గూర్చియే మనము బిడ్డలను హెచ్చరించుచున్నాము. పగటివేళ మన గడప దాటి వచ్చు పరిచితుని సంగతి చెప్పుటలేదు.

మన ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస ప్రాంతముల సంగతి ఆలోచింపుడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినపిదప ఎన్ని కుటుంబములు పొట్ట చేతబట్టుకొని వలసపోయినవో మనకు తెలియును. అంతకు ముందును వలసలు కలవు. తల్లిదండ్రులు హైదరాబాదులోనో, చెన్నపట్నములోనో కూలిపనిలో నుందురు. బిడ్డ అవ్వ దగ్గరనో, పినతండ్రి దగ్గరనో, వసతిగృహములోనో పెరుగును. ఉద్దానపు మూత్రపిండముల జబ్బు పట్టిన యింట ఒకరు డయాలసిసుకు, ఒకరు వారికి తోడుగా వారమునకు రెండు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోవుదురు. బిడ్డను ఇరుగుపొరుగు చేతిలో విడిచిపెట్టక తప్పదు. పలాస జీడిపప్పు బట్టీలకు తెల్లవారకముందే పోవు తల్లులు ఎందరో. వీరెవ్వరిది తప్పు కాదు. బిడ్డను సాకుచున్న బంధువులలోను, పొరుగువారిలోను అత్యధికులు పుణ్యాత్ములే. కాని పెద్దదిక్కు దూరమైనచోట చూచు కన్నులు తగ్గును. ఆ తగ్గిన కన్నుల స్థానమున మన కన్నులుండవలెను. మన సమాజము, మన బడి, మన మఠము అందుకే.

ఏమి చూడవలెను? చక్కగా చదువుచున్న బిడ్డ హఠాత్తుగా చదువులో వెనుకబడుట. ఆడుకొను బిడ్డ మూలకు చేరుట. ఒక మనుష్యుని పేరు వినగనే, ఒక యింటికి పొమ్మనగనే బెదరుట. ప్రక్క తడుపు అలవాటు ఎన్నడో మానిన బిడ్డ మరల తడుపుట. రాత్రులు ఉలికిపడి లేచుట. కూర్చుండుటకు, నడచుటకు బాధపడుట. వయసుకు మించిన మాటలు, ఆటలు. ఎవరిచ్చిరో చెప్పలేని కానుకలు. ఇల్లు విడిచి పారిపోవుట. తన్ను తాను గాయపరచుకొనుట. కొట్టిన దెబ్బలకు వేరు గుర్తులుండును. పిల్లలు పడినపుడు మోకాళ్లు, మోచేతులు, నుదురు చెక్కుకుపోవును. వీపుమీద, తొడలమీద, చెవులపైన, మెడచుట్టును కమిలిన గుర్తులుండి, బెల్టు ఆకారమో, అట్లకాడ ఆకారమో, చుట్టతో కాల్చిన మచ్చయో కనబడి, అడిగిన ప్రతిపర్యాయము కారణము మారుచుండినచో అది పడుట కాదు. మండువేసవిలో బిడ్డ పొడుగుచేతుల చొక్కా విప్పకపోయినను అనుమానింపవలసినదే.

వీనిలో ఏ యొక్కటియు తనంత తాను రుజువు కాదు. ఇంటిలో చావు జరిగినను, తల్లిపై బెంగ పెట్టుకొన్నను బిడ్డ ఇట్లే మారవచ్చును. గుర్తు కనబడగానే ఎవరినో దోషిగా నిర్ణయింపుమని నేను చెప్పుటలేదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక అడుగుమని చెప్పుచున్నాను.

బిడ్డ చెప్పుట మొదలుపెట్టినపుడు వినుట ఒక వ్రతము వంటిది. మొగము చిట్లింపరాదు, కేకలు వేయరాదు. మన కోపము చూచి బిడ్డ తనమీదనే యనుకొని నోరు మూసికొనును. “నీ తప్పేమీ లేదు, చెప్పి మంచిపని చేశావు” అని చెప్పవలెను. “ఎవరికీ చెప్పనులే” అని మాత్రము మాట ఇయ్యరాదు. నిలుపుకొనలేని మాట అది. “నిన్ను కాపాడగలవాళ్లకు మాత్రమే చెబుతాను” అనవలెను. మన నోటి మాటలు బిడ్డ నోట పెట్టరాదు. మరల మరల అడిగి చెప్పించరాదు. చెప్పిన ప్రతిపర్యాయము బిడ్డ ఆ బాధను మరల అనుభవించును. బిడ్డ చెప్పిన మాటలను ఆ మాటలలోనే, తేదీతో, సమయముతో వ్రాసి యుంచుకొనవలెను. సంఘటన ఇటీవలిదైనచో వైద్యపరీక్ష జరుగువరకు స్నానము చేయింపక, బట్టలు ఉతుకక ఉంచుట మేలు. అన్నిటికంటె ముఖ్యమైనది – నేను చేసిన తప్పు మీరు చేయకుడు. ఆరోపణకు గురియైనవానిని పిలిచి అడుగకుడు. కులపెద్దల పంచాయతీ పెట్టి రాజీ కుదుర్పకుడు. ఇది పొలము గట్టు తగవు కాదు.

ఇక చట్టము. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవము నాడు, లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము అమలులోనికి వచ్చినది. పోక్సో చట్టమని పత్రికలలో చదువుచున్నది ఇదియే. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికలందరకును ఇది వర్తించును. ఈ చట్టమున 19వ సెక్షను ప్రకారము నేరము జరిగినదని తెలిసిన ప్రతివ్యక్తియు, జరుగునేమో యను అనుమానము గలిగిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెను. ఉపాధ్యాయుడు, వైద్యుడు మాత్రమే కాదు. పొరుగువాడు, బంధువు, మఠాధిపతి, తల్లి, తండ్రి – అందరును. తెలిసియు తెలుపనివానికి 21వ సెక్షను ప్రకారము ఆరునెలల వరకు జైలుశిక్షగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. సంస్థకు అధిపతియైనవాడు తన క్రిందివారు చేసిన నేరమును దాచినచో శిక్ష ఏడాది వరకు పోవును. సద్బుద్ధితో తెలిపినవానిపై ఏ దావాయు చెల్లదని చట్టమే అభయమిచ్చుచున్నది.

తెలుపుట ఎట్లు? బాలల సహాయమునకు 1098 అను సంఖ్య కలదు. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు. అత్యవసరమైనచో 112కు ఫోను చేయవచ్చును. దగ్గరి పోలీసుస్టేషనుకు పోవచ్చును. మనది సరిహద్దు ఊరు. మన బిడ్డలు కొందరు బరంపురములో చదువుచున్నారు, ఆవలి బిడ్డలు కొందరు ఈవల నున్నారు. నేరము ఒడిశాలో జరిగినది గనుక అక్కడికే పొమ్మని త్రిప్పిపంపు వీలులేదు. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు స్వీకరింపవలెను. లైంగిక నేరము కాక, కొట్టుట, వాతలు పెట్టుట, అన్నము పెట్టకుండుట వంటి క్రూరత్వమునకు 2015నాటి బాలల న్యాయచట్టమున శిక్ష కలదు. దానికిని 1098 సంఖ్యయే.

పోలీసులనగానే బిడ్డను ఠాణాకు త్రిప్పుదురని తల్లులు భయపడుదురు. చట్టము ఆ భయమును ముందే ఊహించినది. బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనో, బిడ్డ కోరిన చోటనో తీసికొనవలెను. వీలైనంతవరకు సబ్-ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళాధికారి తీసికొనవలెను. అధికారి యూనిఫారములో ఉండరాదు. రాత్రివేళ ఏ కారణముచేతను బిడ్డను ఠాణాలో ఉంచరాదు. బాలికను మహిళావైద్యురాలే పరీక్షింపవలెను, తల్లిదండ్రులో బిడ్డ నమ్మినవారో దగ్గరనుండవలెను. న్యాయస్థానమున తలుపులు మూసి విచారింతురు. నిందితుడు బిడ్డ కంటబడకుండ చూతురు. పోలీసులు 24 గంటలలోగా బాలల సంక్షేమసమితికి, ప్రత్యేక న్యాయస్థానమునకు తెలుపవలెను. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫొటో పత్రికలలో ప్రకటించుట నేరము. “పరువు పోవును, రేపు పెండ్లి కాదు” అని దాచు తల్లిదండ్రులకు ఈ చివరి మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాను. విచారణ వీలైనంతవరకు ఏడాదిలోగా ముగియవలెనని చట్టము. ఆచరణమున ఆలస్యములు లేకపోలేదు. కాని ఆలస్యమైన న్యాయమునకు భయపడి బిడ్డను నేటిరాత్రి అదే యింట విడుచుట న్యాయము కాదు.

మౌనము నేరమని మన అత్యున్నత న్యాయస్థానము స్పష్టముగా చెప్పినది. మన తెలంగాణ సరిహద్దుకు చేరువగా మహారాష్ట్ర చంద్రపూరు జిల్లాలో రాజురా అను ఊరు కలదు. అచటి యొక పాఠశాల వసతిగృహమున గిరిజన బాలికలపై అత్యాచారము జరిగినదని 2019లో కేసు నమోదైనది. ఆ బాలికలకు చికిత్స చేయు వైద్యునకు సంగతి తెలిసియు పోలీసులకు తెలుపలేదని ఆరోపణ. బొంబాయి హైకోర్టు అతనిపై కేసును కొట్టివేయగా, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసెను. మైనరుపై లైంగికదాడి సంగతి తెలిసియు తెలుపకుండుట తీవ్రమైన నేరమనియు, సామాన్యముగా అది నేరము చేసినవారిని కాపాడు ప్రయత్నమేననియు ఆ తీర్పున చెప్పెను. ఆ వైద్యుడు దోషియా కాదా యనునది విచారణలో తేలవలసిన మాట; కాని మౌనమును విచారింపకుండ విడువరాదని మాత్రము తేలినది.

“నిర్దోషిపై నింద పడినచో?” అని మీరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. దీనికి దూరపు ఉదాహరణ వద్దు. కర్ణాటకమున మన సంప్రదాయమునకే చెందిన ఒక ప్రసిద్ధ మఠపు వసతిగృహమున నుండిన బాలికలు 2022లో ఫిర్యాదు చేసిరి. ఆ పీఠాధిపతిని నిర్బంధించిరి. 2025లో ఒక కేసులో న్యాయస్థానము ఆయనను నిర్దోషిగా ప్రకటించినది. ఆ వార్తలు చదువుచున్నపుడు మన యిండ్లలో రెండు రకముల మాటలు వింటిని. “స్వామివారు ఎన్నటికిని అట్లు చేయరు, పిల్లలే అబద్ధమాడిరి” అని కొందరు మొదటి దినముననే తీర్పు చెప్పిరి. “అన్ని మఠములు ఇంతే” అని మరికొందరు తీర్పు చెప్పిరి. ఈ రెండును మనము చేయవలసిన పని కాదు. తీర్పు న్యాయమూర్తిది. బిడ్డ మాటను ఆ న్యాయమూర్తివరకు చేరవేయుట మాత్రమే మనది. చేరవేయువాడు నిరూపింపనక్కరలేదు, సద్బుద్ధితో తెలిపినచో చాలును. పగతో తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవారికి అదే చట్టమున శిక్ష కలదు. బిడ్డకు మాత్రము శిక్ష లేదు. నిర్దోషికైనను మేలు చేయునది బహిరంగ విచారణయే. గుసగుసలలో పడిన నిందకు ఏ న్యాయస్థానమును విముక్తి నీయజాలదు.

మఠముల పూజ్యులకు వినయముతో ఒక విన్నపము. నిరుపేద బిడ్డలకు అన్నము, అక్షరము పెట్టుట మన మఠముల కీర్తి. తుమకూరు సిద్ధగంగామఠమున శ్రీ శివకుమారస్వాములవారు 2019లో లింగైక్యము చెందువరకు వేలాది బిడ్డలను కులమతభేదము లేక చదివించిరి. అంతటి నమ్మకముతో తల్లిదండ్రులు బిడ్డలను మఠమునకు అప్పగించుచున్నారు. ఆ నమ్మకమునకు తగిన కావలి యుండవలెను. బిడ్డలతో మసలు ప్రతి ఉద్యోగిని గూర్చి పోలీసు విచారణ చేయించవలెనని 2020నాటి నియమములు చెప్పుచున్నవి. వంటవాడు, కాపలాదారు, పాఠము చెప్పువాడు, పూజ చేయువాడు – ఎవ్వరికిని మినహాయింపు వలదు. పెద్దవారు బిడ్డతో ఒంటరిగా మూసిన గదిలో ఉండరాదను నియమము పెట్టుకొనవలెను. 1098 సంఖ్యను బిడ్డల కంటికందునంత ఎత్తున గోడపై వ్రాయించవలెను. నెలకొకసారి బయటి ఉపాధ్యాయురాలో, వైద్యురాలో వచ్చి బిడ్డలతో మాటాడు ఏర్పాటు మంచిది. పాదములకు మ్రొక్కుట భక్తియని నేర్పుదుము. రహస్యముగా దాచుమని ఎవరు చెప్పినను, వారు గురువైనను, జంగముడైనను, అది భక్తి కాదని కూడ నేర్పవలెను. ఇట్లు నేర్పుటవలన గురుపీఠము గౌరవము తగ్గదు.

ముగింపునకు ముందు ఇంకొక సంగతి. కొన్ని ఏండ్ల క్రిందట నేను పనిచేయుచున్న వేరొక బడిలో మధ్యాహ్నభోజనము వండు ఆమె వచ్చి, “మాస్టారూ, ఆ పిల్లాడు అన్నం తినేటప్పుడు గోడకి వీపు ఆనించడం లేదు, ఎప్పుడైనా చూశారా?” అని అడిగినది. నేను చూడలేదు. అన్నము వడ్డించుచు ఆమె వారము దినములుగా చూచినది. చొక్కా ఎత్తి చూడగా వీపంతయు వాతలు. ఈసారి నేను ఇంటివారికి కబురు పంపలేదు. 1098కు ఫోను చేసితిమి. ఆనాడే బాలల సంరక్షణ సిబ్బంది వచ్చిరి. పిల్లవాడు ఆమె ఒడి ప్రక్కన కూర్చుండియే అంతయు చెప్పెను. సమితివారు విచారించి అతనిని అమ్మమ్మ యింటికి చేర్చిరి. ఊరిలో కొందరు నాతో మాటలు మానిరి. ఆమెను తిట్టినవారు కూడ కలరు. పిల్లవాడు మాత్రము పదవ తరగతి పూర్తిచేసెను. గణాచారమను మాట ఆ తల్లి ఎన్నడును వినియుండదు. ఆచరించి చూపినది ఆమెయే.

శరణ బంధువులారా! నేటిరాత్రి భోజనముల తరువాత మీ బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని గొడగూచి కథ చెప్పుడు. కథ ముగిసినపిదప ఒక్క మాట చేర్చుడు: “ఆ తండ్రి నమ్మలేదు, మేము నమ్ముతాం. నీకు ఏం జరిగినా, ఎవరు చేసినా మాకు చెప్పు.” అట్లు చెప్పి ఊరకుండక, బిడ్డ నోరు విప్పిన నాడు ఆ మాటను నిలుపుకొనుడు. గంట కొట్టినను ఇంటికి పోని బిడ్డ మీ వీథిలో ఎవరైనను ఉన్నారేమో చూడుడు. ఉన్నచో నావలె నవ్వి పంపివేయకుడు.

శివార్పణమస్తు.